యూఎఫ్‌సీ ఫైట్ పాస్ రివ్యూ: జీఎస్పీ ఫైట్లన్నీ వరసగా చూశాక

ఫైట్ పాస్ అంటే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ ఫైట్లు పెట్టే సంస్థ యూఎఫ్‌సీ వాళ్ల వీడియో సర్వీస్. అది తీసుకోవాలా వద్దా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా. లైవ్ కోసమైతే తొందరపడకండి, పెద్ద ఈవెంట్ల హక్కులు ఒక్కో దేశంలో ఒక్కొక్కరి దగ్గర ఉంటాయి, మీ దేశంలో ఏవి వస్తాయో చూసుకున్నాకే డబ్బు కట్టండి. పాత ఫైట్ల కోసమైతే మాత్రం ఆలోచించక్కర్లేదు. యూఎఫ్‌సీ మొదటి రోజుల నుంచి ఉన్నవి, వాటితో పాటు ప్రైడ్, స్ట్రైక్‌ఫోర్స్, డబ్ల్యూఈసీ లాంటి మూతపడిన సంస్థల ఫైట్లు కూడా ఒకేచోట దొరకడం మామూలు విషయం కాదు.

నేను తీసుకున్నది జార్జ్ సాన్ పియెర్, అంటే జీఎస్పీ కోసం. కెనడాలోని క్యూబెక్ మనిషి, చిన్నప్పుడు క్యోకుషిన్ కరాటే, పెద్దయ్యాక కొన్నాళ్లు చెత్త ఎత్తే పని, నైట్‌క్లబ్ దగ్గర బౌన్సర్ పని, ఆ తర్వాత వెల్టర్‌వెయిట్‌లో, అంటే 77 కేజీల విభాగంలో, వరుసగా 9 సార్లు టైటిల్ నిలబెట్టుకున్న చాంపియన్. 26 గెలుపులు, 2 ఓటములు. ఇంతకుముందు ఇంకో యాప్‌లో ఈయన ఫైట్లు చూద్దామంటే అన్నీ ముక్కలే, కిక్ తగిలిన చోట మొదలై మనిషి పడిన చోట ఆగిపోయేవి. అలా చూస్తే జీఎస్పీ ఏంటో ఎప్పటికీ అర్థం కాదు, ఎందుకంటే ఈయన గొప్పతనం అంతా రెండు దెబ్బల మధ్య ఖాళీలో ఉంటుంది.

వరసగా చూడండి, అదొక్కటే నా సలహా. 2004 జనవరిలో యూఎఫ్‌సీ 46తో మొదలుపెట్టి యూఎఫ్‌సీ 50కి వస్తే అక్కడ ఖాళీగా ఉన్న టైటిల్ కోసం మ్యాట్ హ్యూస్‌తో ఫైట్. జీఎస్పీకి అప్పటికి 23 ఏళ్లు. తను ఆరాధించే మనిషి ఎదురుగా ఉంటే కళ్లలోకి చూడలేకపోయానని తర్వాత ఆయనే చెప్పాడు, వీడియోలో చూస్తే అది నిజమేనని తెలిసిపోతుంది. అయినా రౌండ్ అంతా బాగానే నిలబడ్డాడు. చివర్లో చేతిని మోచేయి దగ్గర వెనక్కి విరిచే ఆర్మ్‌బార్ పడింది, 4:59 దగ్గర ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. ఐదు నిమిషాల రౌండ్‌లో ఇక మిగిలింది ఒక్క సెకను. అదే హ్యూస్‌ని 2006 నవంబర్‌లో రెండో రౌండ్‌లో తలకి కిక్ కొట్టి పడేసి బెల్ట్ తీసుకున్నాడు. రెండూ ఒకదాని వెనక ఒకటి పెట్టుకుని చూస్తే ఆ కుర్రాడేనా ఈ మనిషి అనిపిస్తుంది.

ఆ తర్వాత ఫైట్ చాలామంది దాటేస్తారు, నేను మాత్రం రెండుసార్లు చూడమంటాను. 2007 ఏప్రిల్, హ్యూస్టన్, మ్యాట్ సెర్రా. రియాలిటీ షో గెలిచి టైటిల్ ఛాన్స్ తెచ్చుకున్నవాడు, ఎవరూ అంచనా వేయని మనిషి, జీఎస్పీని మొదటి రౌండ్‌లోనే ఓడించేశాడు. జీఎస్పీని విసుగు పుట్టించే ఫైటర్ అని తిట్టేవాళ్లు ఈ ఫైట్‌ని పక్కనపెట్టి తిడతారు. దీని తర్వాత ఈయన మళ్లీ ఎప్పుడూ ఓడిపోలేదు, వరుసగా 13 గెలిచి కెరీర్ ముగించాడు. నాలుగు నెలలకే జాష్ కాస్‌చెక్‌ని, అమెరికాలో కాలేజీ రెజ్లింగ్ చాంపియన్‌ని, రెజ్లింగ్‌లోనే కింద పడేశాడు. స్కూల్లోగానీ కాలేజీలోగానీ రెజ్లింగ్ ఆడని మనిషి ఇది చేశాడంటే, బలం కంటే టైమింగే అని నా అభిప్రాయం. చేయి పైకి లేపి గుద్దబోతున్నట్టు కనిపిస్తాడు, అవతలివాడు తల కాపాడుకునేలోపు కాళ్లు పట్టేసుకుంటాడు.

సెర్రాతో రెండో ఫైట్ 2008లో మాంట్రియల్‌లో, కెనడాలో జరిగిన మొదటి యూఎఫ్‌సీ ఈవెంట్ అది. ఇంట్లో మంచి స్పీకర్లుంటే సౌండ్ పెంచి చూడాల్సింది ఇదే.

2009లో థియాగో ఆల్వెస్ నుంచి 2013లో జానీ హెండ్రిక్స్ దాకా ఏడు ఫైట్లూ జడ్జీల నిర్ణయానికే వెళ్లాయి. వీటిలో డాన్ హార్డీది, జేక్ షీల్డ్స్‌ది కూర్చుని పూర్తిచేయడానికి ఓపిక కావాలి, ఆ మాట నిజం. కానీ కాస్‌చెక్‌తో రెండోది, యూఎఫ్‌సీ 124, వదలొద్దు. ఆ ఫైట్ మొత్తం ఎడమచేతి జాబ్ మీద, అంటే ముందు చేత్తో సూటిగా కొట్టే పంచ్ మీద నడుస్తుంది. మొదటి రౌండ్ నుంచే కాస్‌చెక్ కుడికన్ను వాచిపోతుంది, కంటి చుట్టూ ఎముక విరిగింది, అయినా జాబ్ ఆగదు, అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్తుంది. ఇలాంటిది క్లిప్పుల్లో కుదరదు, ఇరవై ఐదు నిమిషాలూ చూడాలి. మోకాలి లిగమెంట్ ఆపరేషన్ తర్వాత 2012లో కార్లోస్ కాండిట్ కొట్టిన హెడ్ కిక్‌కి కిందపడి, మళ్లీ లేచి అదే రౌండ్‌లో పైచేయి తెచ్చుకోవడం కూడా అంతే.

హెండ్రిక్స్ ఫైట్ మాత్రం కామెంటరీ మ్యూట్ చేసి, పేపర్ పెట్టుకుని రౌండ్లవారీగా మీరే స్కోర్ వేయండి. జడ్జీల మధ్య తేడా వచ్చింది మొదటి రౌండ్ దగ్గరే, నేనైతే దాన్ని హెండ్రిక్స్‌కే ఇస్తాను. ఇంత ఇష్టపడే ఫైటర్ విషయంలో అలా అనడం బాధగానే ఉంటుంది, కానీ కనిపించింది అదే. అది జరిగిన మరుసటి నెల, 2013 డిసెంబర్‌లో, టైటిల్ వదిలేసి పక్కకి వెళ్లిపోయాడు. ఫైట్ పాస్‌ని ప్రకటించింది కూడా అదే నెలలో.

నాలుగేళ్ల తర్వాత 2017 నవంబర్‌లో ఒక విభాగం పైకెళ్లి, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మైకేల్ బిస్పింగ్ మీద మిడిల్‌వెయిట్ టైటిల్ గెలిచాడు. మూడో రౌండ్‌లో వెనకనుంచి మెడ బిగించే చోక్ పడితే బిస్పింగ్ ట్యాప్ చేయకుండా స్పృహ తప్పాడు. నెల తిరిగేసరికి పెద్దపేగు జబ్బు వల్ల ఆ బెల్ట్ కూడా వదులుకున్నాడు, 2019 ఫిబ్రవరిలో మాంట్రియల్‌లో రిటైర్‌మెంట్ ప్రకటించాడు. గెలిచిన ఫైట్‌తోనే ఆట ముగించిన పెద్ద చాంపియన్లు చాలా తక్కువ, నాకు ఆయన మీద గౌరవం పెరిగింది ఇక్కడే.

ఒక జాగ్రత్త: ఫైటర్ పేరు కొట్టి వెతికితే రీమ్యాచ్‌లు కూడా కళ్ల ముందుకొచ్చేస్తాయి, ఫలితాలు తెలియకుండా చూడాలనుకునేవాళ్లు ఈవెంట్ నంబర్లు ముందే రాసుకుని 46, 50, 65, 69 అలా వెళ్లండి. ఇప్పుడు అదే పద్ధతిలో రష్యా హెవీవెయిట్ ఫెడోర్ ఎమెలియానెంకో ప్రైడ్ ఫైట్లు మొదలుపెట్టాను, అక్కడ మొదటి రౌండే పది నిమిషాలు, కేజ్ బదులు బాక్సింగ్ రింగ్, కిందపడ్డవాడి తలకి కిక్ కొట్టినా ఫౌల్ కాదు. ఫెడోర్‌ని ఏ ఈవెంట్ నుంచి చూడాలో, ఏవి వదిలేయొచ్చో తెలిసినవాళ్లు చెప్పండి.