ఏటీవీ మీద అదనపు పెట్రోల్: ఆరేళ్లు మోశాక నా అనుభవం

ఏటీవీ, అంటే బైకులా హ్యాండిల్ ఉండి గుట్టలు, ఇసుక, బురదలోనూ నడిచే నాలుగు చక్రాల బండి, కొన్న మొదటి ఏడాదే నాకు పెట్రోల్ టెన్షన్ పట్టుకుంది. నాది 570 సీసీ బండి, ఫ్యూయల్ ఇంజెక్షన్ ఇంజిన్, ట్యాంకులో 17 లీటర్లు పడతాయి. గట్టి మట్టిదారిలో నింపాదిగా పోతే 100 కిలోమీటర్లకు 12, 13 లీటర్లు తాగుతుంది. అదే మెత్తటి ఇసుకలో లో గేరు వేసి, నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చి నడిపితే 22 దాకా పోతుంది. అంటే ఒక దారిలో 130 కిలోమీటర్లు వచ్చే ట్యాంకు ఇంకో దారిలో 75 దగ్గరే ఖాళీ. నేను తిరిగేవి ఎక్కువగా రెండో రకం దారులు. అందుకే ఈ ఆరేళ్లలో ఇనుప జెర్రీ క్యాన్ మోశాను, మడతపెట్టే పెట్రోల్ సంచి మోశాను, చివరికి ర్యాక్‌కు బిగించే ఫ్లాట్ క్యాన్లకు వచ్చి ఆగాను. నాలుగేళ్లుగా బండి మీద ఉన్నవి అవే. ఏ క్యాన్ కొనాలి అనే ప్రశ్న కంటే, ఆ పెట్రోల్ బండి మీద ఎక్కడ కూర్చుంటుంది, దాన్ని ట్యాంకులో ఎప్పుడు పోస్తాం అనేవే పెద్ద విషయాలని నాకు అర్థమవడానికి రెండేళ్లు పట్టింది.

ముందు జెర్రీ క్యాన్ సంగతి. ఆ డబ్బా మీద నాకు ఇప్పటికీ చాలా గౌరవం. 1937లో జర్మన్ సైన్యం కోసం తయారైన డిజైన్ అది. వాళ్లను బ్రిటిష్ సైనికులు ‘జెర్రీ’లు అనేవారు, పేరు అలా వచ్చింది. పట్టేది 20 లీటర్లు. పైన మూడు పిడులు ఎందుకంటే, నిండు డబ్బాను ఇద్దరు మనుషులు చెరో పిడి పట్టుకుని మోయొచ్చు, ఖాళీవైతే ఒక్కడే ఒక్కో చేత్తో రెండేసి పట్టుకోవచ్చు. పక్కల మీద ఒత్తిన గీతలు, ఎండకు లోపలి పెట్రోల్ వ్యాకోచించినప్పుడు రేకు కాస్త సాగడానికి. ఇంత ఆలోచించి చేసిన వస్తువు జీపు వెనక చక్కగా ఇముడుతుంది. ఏటీవీ వెనక ర్యాక్ మీద నిలబెడితే మాత్రం కథ వేరు.

పెట్రోల్ లీటరుకు ముప్పావు కిలో దాకా తూగుతుంది. 20 లీటర్లంటే 15 కిలోలు, ఇనుప డబ్బా బరువు ఇంకో నాలుగు కిలోలకు పైనే. ఇదంతా వెనక ఇరుసుకు పైన, సీటు కంటే ఎత్తులో ఉంటుంది. చదును నేల మీద తేడా తెలియదు. ఒకసారి నిటారుగా ఉన్న గుట్ట ఎక్కుతుంటే సగం దూరంలో హ్యాండిల్ ఒక్కసారిగా తేలికైపోయింది. ముందు చక్రాలు నేలను సరిగ్గా పట్టుకోవడం లేదు. నేను ఒళ్లంతా ముందుకు వంచి, యాక్సిలరేటర్ తగ్గించి, బ్రేకు మీద అంగుళం అంగుళం వెనక్కి దిగాను. ఆ రోజు క్యాన్ సగమే నిండి ఉంది. బరువు తక్కువ కదా అని ధీమాగా ఉన్నాను, కానీ సగం నిండిన డబ్బాలో పెట్రోల్ వెనక్కి, పక్కలకు కొట్టుకుంటూ బండిని ఊపేస్తుంది. అదే గుట్ట తర్వాత క్యాన్ లేకుండా మామూలుగానే ఎక్కాను.

ర్యాక్ మీద ఎంత బరువు పెట్టొచ్చో స్టిక్కర్ మీద రాసి ఉంటుంది. ముందు ర్యాక్‌కు తక్కువ, వెనకదానికి ఎక్కువ. చాలామంది ఆ అంకె ఒక్కటే చూస్తారు. మనిషి, సామాను, అదనపు పెట్రోల్ అన్నీ కలిపి బండికి మొత్తంగా ఒక పరిమితి ఉంటుంది, అదీ చూడాలి. పైగా ర్యాక్ మోయగలిగినంత బరువు పెట్టినా, ఆ బరువు ఎత్తులో ఉంటే వాలు మీద బండి తిరగబడే ప్రమాదం ఉండనే ఉంటుంది.

సంచి గురించి ఎక్కువ రాయను. గట్టి బట్టకు పూత వేసి చేసిన సంచి అది, ఖాళీ అయ్యాక చుట్టి పక్కన పెట్టొచ్చు, ఆ సుఖం నిజమే. ర్యాక్ మీద ఒక బోల్టు తలకు ఆనుకుని గతుకుల్లో గంటల తరబడి రాసుకుంది. సాయంత్రానికి అక్కడ తడి కనిపించింది. చిల్లి పడలేదు, ఊరుతోందంతే. వేడి సైలెన్సర్‌కు జానెడు దూరంలో పెట్రోల్ ఊరడం చూశాక దాన్ని మళ్లీ బండి ఎక్కించలేదు.

ఇక ఫ్లాట్ క్యాన్లు. మందమైన పాలిథిన్‌తో పలకలా బల్లపరుపుగా పోసిన క్యాన్లు ఇవి. నావి రెండు, ఒక్కోదాంట్లో ఏడున్నర లీటర్లు. మధ్యలో పెద్ద రంధ్రం ఉంటుంది. ర్యాక్‌కు బిగించిన మౌంటు కడ్డీ అందులోంచి పైకి వస్తుంది, దాని పిడి తిప్పితే క్యాన్ బిగుసుకుంటుంది. తాళ్లు, రబ్బరు బంగీలు అక్కర్లేదు. బంగీ గతుకు గతుక్కీ సాగుతుంది, బరువైన వస్తువును అది ఆపదు. పడుకోబెట్టి బిగించడం వల్ల పెట్రోల్ ర్యాక్‌కు అతుక్కున్నట్టు కిందుగా ఉంటుంది. నేను ఒకటి ముందు ర్యాక్ మీద, రెండోది వెనక, సైలెన్సర్ లేని వైపున పెడతాను. గుట్ట ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలికవడం ఆ తర్వాత నాకు ఎదురు కాలేదు.

లోపాలూ చెప్పాలి. మౌంటు నట్లు వదులవుతాయి. మొదటి 200 కిలోమీటర్లలోనే అరచుట్టు తిరిగిపోయాయి. నైలాన్ లాక్ నట్లు వేసి, అంచున పెయింటుతో గీత పెట్టుకున్నాక ఒక్క చూపుతో తెలిసిపోతోంది. క్యాన్‌తో వచ్చిన పోత గొట్టం నాకు నచ్చలేదు. ఒలకకుండా ఉండాలని స్ప్రింగు మూత పెట్టారు, ఉద్దేశం మంచిదే, కానీ దాన్ని నొక్కిపట్టి ఏడున్నర లీటర్లు పోసేసరికి చెయ్యి పట్టేస్తుంది. ఇప్పుడు సన్నని జాలీ ఉన్న పెద్ద గరాటు వాడుతున్నాను. దుమ్ము లోపలికి పోదు, అది ఇంజెక్షన్ బండికి చాలా ముఖ్యం.

మూడో ఏడు మూత లోపలి రబ్బరు వాషర్ ఎండిపోతే, చేతికందిన కొలత సరిపోయే వాషర్ వేశాను. వారం తిరక్కుండానే అది ఉబ్బి, మెత్తబడి, మూత మర నుంచి చెమ్మ రావడం మొదలైంది. రబ్బరులన్నీ ఒకటి కావు. నీళ్ల పైపులకు వాడే ఈపీడీఎం రకం పెట్రోల్‌లో ఉబ్బిపోతుంది. నైట్రైల్ ఆగుతుంది, వైటన్ ఇంకా బాగా ఆగుతుంది. ఇప్పుడు వైటన్ వాషర్లు రెండు టూల్ కిట్‌లో ఎప్పుడూ ఉంటాయి. బండి ఆపిన ప్రతిసారీ మూత చుట్టూ వేలు తిప్పి వాసన చూస్తాను.

క్యాన్ ఉబ్బడం గురించి కొత్తవాళ్లు భయపడతారు. పెట్రోల్ ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు ఒక శాతం వ్యాకోచిస్తుంది. తెల్లవారుజామున 15 డిగ్రీల దగ్గర నింపిన క్యాన్ మధ్యాహ్నం ఎండలో 45కు చేరితే, ఏడున్నర లీటర్లకు పావు లీటరు దాకా అదనంగా చోటు కావాలి. ఆవిరి ఒత్తిడి దీనికి తోడు. కొండ మీదికి వెళ్లే కొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి ఇంకాస్త ఉబ్బుతుంది. అంచుదాకా ఎప్పుడూ నింపకండి, కనీసం 5 శాతం ఖాళీ ఉంచండి. మూత తీసేటప్పుడు ముఖం పక్కకు పెట్టి, కొద్దిగా తిప్పి, బుస్సుమనే శబ్దం ఆగేదాకా ఆగి, అప్పుడు పూర్తిగా తీయండి. ఎండలో ఆపితే క్యాన్ల మీద లేత రంగు గుడ్డ కప్పుతాను.

ఇప్పుడు అసలు విషయం. మొదట్లో నేను అందరిలాగే చేసేవాణ్ని: ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యేదాకా నడిపి, అప్పుడు క్యాన్ విప్పేవాణ్ని. ఇది రెండు రకాలుగా తప్పు. కార్బ్యురేటర్ బండికి రిజర్వ్ కొళాయి ఉంటుంది, ఇంజెక్షన్ బండికి ఉండదు. ట్యాంకు లోపల ఉండే పంపు పెట్రోల్‌తోనే చల్లబడుతుంది. అడుగున కొంచెమే మిగిలినప్పుడు వాలు మీద ఒరిగితే పంపు గాలి పీలుస్తుంది, ఇంజిన్ సరిగ్గా ఎక్కుడు మధ్యలో తడబడుతుంది. రెండో తప్పు, రోజులో సగం పైగా ఆ బరువును ర్యాక్ మీద ఊరికే మోస్తూ ఉంటాం.

ఇప్పుడు ట్యాంకులో ఒక క్యాన్ పట్టేంత చోటు కాగానే పోసేస్తాను. పైనున్న బరువు బండి మధ్యలోకి, కిందికి దిగుతుంది. క్యాన్ ఎక్కడైనా కొట్టుకుని పగిలినా పోయే పెట్రోల్ ఉండదు. ఇంకో లాభం నేను ఊహించలేదు. మీటరు ముల్లు ఎక్కుడులో ఒకటి, దిగుడులో ఒకటి చూపిస్తుంది, క్యాన్ మాత్రం కొలపాత్ర లాంటిది. నిండు ట్యాంకుతో బయల్దేరి, క్యాన్ మొత్తం పోస్తే ట్యాంకు మళ్లీ బయల్దేరినప్పటి గీత దగ్గరికి వచ్చిందంటే, సరిగ్గా ఏడున్నర లీటర్లు కాలాయన్నమాట. ఆ క్షణంలో ఎన్ని కిలోమీటర్లు వచ్చానో చూసుకుంటే ఆ రోజు ఆ నేల మీద బండి ఎంత తాగుతోందో తెలిసిపోతుంది.

మొన్నటి ఇసుక రైడే చెప్తాను. బయల్దేరేటప్పుడు మొత్తం 32 లీటర్లు. మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా ఉంచడానికి. మొదటి క్యాన్ 34 కిలోమీటర్ల దగ్గర పట్టింది. అంటే 100కు 22 లీటర్లు. వెళ్లే వాటాలో మిగిలింది ఇంకో మూడు లీటర్లు, అంటే 13, 14 కిలోమీటర్లు. 48 దగ్గర ఆగి వెనక్కి తిప్పాను. చూడాలనుకున్న చోటు ఇంకా కొంచెం ముందుంది, మనసు లాగింది, అయినా తిప్పేశాను. వచ్చే దారిలో వాగు పొంగి ఉంది. చుట్టూ తిరిగి రావడానికి 21 కిలోమీటర్లు అదనంగా నడిచింది, మధ్యలో ఒకసారి బురదలో దిగబడి విన్చ్ (తాడు చుట్టుకుంటూ బండిని బయటికి లాగే మోటారు) వాడుతూ ఇంజిన్‌ను అరగంట ఆన్‌లోనే ఉంచాల్సి వచ్చింది. ఇంటికి చేరాక కూడా ట్యాంకులో దాదాపు ఐదు లీటర్లు ఉన్నాయి. నా మట్టుకు రూలు ఇదే: రెండో క్యాన్ పోసేసరికి బండి ముఖం ఇంటివైపే ఉండాలి.

పోసే పద్ధతి గురించి రెండు మాటలు. ఇంజిన్ ఆపి పది పదిహేను నిమిషాలు ఆగుతాను. ఈ ఆగడం కష్టంగా ఉంటుంది, కానీ సైలెన్సర్ వేడి మీద చుక్క పడితే ఏమవుతుందో ఆలోచించండి. పెట్రోల్ ఆవిరి గాలి కంటే బరువు, కిందికే పారుతుంది, గుంటల్లో నిలుస్తుంది. అందుకని గాలి ఆడే చోట, గుంట కాని చోట ఆపుతాను. బంకులో నింపేటప్పుడు క్యాన్‌ను ర్యాక్ మీద ఉంచి నింపడం అసలు వద్దు. కింద నేల మీద పెట్టి, నాజిల్ క్యాన్ మూతికి తగిలించి ఉంచి నింపాలి, స్టాటిక్ కరెంటు నేలలోకి పోతుంది. ఖాళీ అయిన క్యాన్‌ను తేలిగ్గా తీసుకోకూడదు. అడుగున చెంచాడు పెట్రోల్ మిగిలినా దాని ఆవిరి, గాలి కలిసి నిప్పంటుకునే పాళ్లలో ఉండొచ్చు. మూత గట్టిగా బిగించే వెనక్కి తెస్తాను.

రైడు అయ్యాక మిగిలిన పెట్రోల్‌ను క్యాన్‌లో నెలల తరబడి ఉంచను, ఏదో ఒక బండిలో పోసి వాడేస్తాను. ఇథనాల్ కలిసిన పెట్రోల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగున వేరే పొరగా దిగుతుంది. ఆ పొర పంపులోకి పోతే అడవి మధ్యలో చేయగలిగింది ఏమీ ఉండదు.

నాలుగేళ్ల ఎండకు ముందు ర్యాక్ మీది క్యాన్ మూలలు కాస్త తెల్లబడ్డాయి. బొటనవేలితో నొక్కితే ఇంకా సాగుతోంది, పగుళ్లు లేవు. అయినా ఈ ఏడాది పెద్ద రైడు లోపు దాన్ని మార్చేస్తున్నాను. కొత్తదీ ఏడున్నర లీటర్లదే. పెద్ద సైజు దొరుకుతోంది, మౌంటు కూడా అదే సరిపోతుంది, కానీ అది ట్యాంకులో పట్టాలంటే ఇంకా చాలా దూరం ర్యాక్ మీదే మోయాలి.