మ్యాటా, రిఫార్మరా? బరంపురంలో చిన్న పిలాటిస్ స్టూడియో

ఒడిశాలోని బరంపురంలో, మన తెలుగువాళ్ల వీధిలో పిలాటిస్ (ఊపిరి లెక్కతో పొట్ట, నడుము కండరాలకి బలమిచ్చే వ్యాయామం) స్టూడియో పెట్టాలంటే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: నేల మీద మ్యాట్ పరిచి నేర్పడమా, రిఫార్మర్ అనే స్ప్రింగుల బల్ల మీదా?

మ్యాట్ క్లాసుకి గాలి ఆడే హాలు, ఎనిమిది మ్యాట్‌లు చాలు. అంతకు మించి మనుషులుంటే ఒక్కొక్కరినీ చూడలేం. ‘హండ్రెడ్’ అనే వ్యాయామాన్నే తీసుకోండి: వెల్లకిలా పడుకుని, తలా భుజాలూ లేపి, చేతులు ఆడిస్తూ 5 లెక్కలు గాలి పీల్చి, 5 లెక్కలు వదలాలి. అలా 10 సార్లు, మొత్తం 100. మూడో విడతకే మెడ బిగుసుకుంటుంది. "పిన్నీ, తల దించేయండి, పొట్ట మాత్రం వదలకండి" అని పక్కనే కూర్చుని చెప్పాలి. ఇక్కడ ఆ మాట ఒడియాలోనూ చెప్పగలిగితే బ్యాచ్ త్వరగా నిండుతుంది.

రిఫార్మర్ మంచి పరికరమే. జారే బల్ల మీద పడుకుని, స్ప్రింగుల బలం మార్చుకుంటూ చేస్తారు కాబట్టి, నిలబడి చేయలేనివాళ్లకి కూడా కాళ్ల వ్యాయామం కుదురుతుంది. కానీ ఖరీదెక్కువ, ఒకదాని మీద ఒక్కరే చేయాలి. పైగా గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే, ఉప్పుగాలికి స్ప్రింగులు తుప్పు పట్టకుండా చూసుకోవాలి.

నేనైతే మ్యాట్‌తోనే మొదలుపెడతాను. ఏడాది తర్వాత ఫీజుల్లోంచే అద్దె పోగా మిగిలితే, విడిగా నేర్పాల్సినవాళ్ల కోసం ఒక్క రిఫార్మర్ కొంటాను. అప్పు చేసి మాత్రం కొనను.