జియు-జిట్సు స్కూల్లో నేను చూసేది ఒక్కటే: జతలు ఎవరు కలుపుతారు?

మ్యాట్లు ఎంత మందం, గోడ మీద ఎన్ని పతకాలు వేలాడుతున్నాయి, గి (మందపాటి కోటు లాంటి డ్రెస్) వేసుకుని ఆడటం మంచిదా, అది లేకుండా ఆడే నో-గి మంచిదా లాంటి వాటి జోలికి నేను వెళ్లడం లేదు. అవి ఎక్కడైనా దొరుకుతాయి. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. నలభై దగ్గర పడుతున్నాయి, బరువు 52 కిలోలు. బ్రెజిలియన్ జియు-జిట్సు అంటే నేల మీద పట్లతో అవతలివాళ్లని లొంగదీసే, కుస్తీ లాంటి విద్య. రెండు స్కూళ్లలో కొన్నేళ్లు మొదటి మెట్టు వైట్ బెల్ట్‌గా చెమటోడ్చి, ఈమధ్యే దాని పై మెట్టు బ్లూ బెల్ట్ కట్టుకున్నాను. ఈ సమీక్ష రెండో స్కూలు గురించి. కానీ దాని విలువ తెలియాలంటే మొదటిదాని సంగతి చెప్పక తప్పదు.

మొదటి స్కూలు చూడ్డానికి చాలా బాగుండేది. షవర్లు, రిసెప్షన్, కాఫీ మెషీన్ అన్నీ ఉండేవి. మా అబ్బాయిని పిల్లల క్లాసులో చేర్చి, అద్దం ఇవతల కూర్చుని ఫోన్ చూసుకోవడం విసుగనిపించి నేనూ చేరాను. కోచ్‌కి పోటీల్లో మంచి పేరుంది. టెక్నిక్ చెప్పడంలో వంక పెట్టలేం. క్లాసు చివర రోలింగ్‌కి, అంటే జతలుగా నిజంగా తలపడటానికి, టైమర్ పెట్టేటప్పుడు మాత్రం "పార్ట్‌నర్‌ని వెతుక్కోండి" అని వదిలేసేవాడు. స్నేహితులు స్నేహితులతో, బలమైనవాళ్లు బలమైనవాళ్లతో టకటకా జత కట్టేసేవాళ్లు. చివరికి మిగిలేది నేనూ, ఆ వారమే చేరిన ఎవరో ఒక కుర్రాడూ. మ్యాట్ మీద అందరికన్నా ప్రమాదకరమైన మనిషి బ్లాక్ బెల్ట్ కాదు, మొదటి వారం వైట్ బెల్టే. బ్లాక్ బెల్ట్‌కి ఎక్కడ ఆపాలో తెలుసు. కొత్తవాడికి తెలిసింది ఒకటే, ఓడిపోకూడదు, అందులోనూ ఆడమనిషి చేతిలో.

ఒక గురువారం సాయంత్రం అలా నా వంతుకి వచ్చిన అబ్బాయి తొంభై కిలోలకు తక్కువ ఉండడు. కాలేజీలో ఫుట్‌బాల్ ఆడేవాడినని గర్వంగా చెప్పాడు. నిలబడి మొదలుపెట్టాం. నా గి కాలర్ రెండు చేతులతో పట్టుకున్నాడు. నేను అతని మోచేతి దగ్గర పట్టు సర్దుకునే లోపే ఎగిరి, రెండు కాళ్లూ నా నడుముకి చుట్టేశాడు. వీడియోల్లో చూసి ఉంటాడు, దీన్ని గార్డ్‌లోకి దూకడం అంటారు. నా పాదం మ్యాట్‌కి అతుక్కుపోయి ఉంది, అతని బరువంతా పక్కకి వాలింది, నా ఎడమ మోకాలు లోపలికి మడతపడింది. టప్ మన్న చప్పుడు పక్క జతకి కూడా వినిపించింది. కింద పడ్డాక కూడా అతను కాలర్ వదల్లేదు. వదలాలని కూడా తోచలేదు పాపం, బిత్తరపోయి సారీ సారీ అంటూనే ఉన్నాడు.

నా కోపం ఆ అబ్బాయి మీద కాదు. పోటీ నిబంధనలు రాసే ఐబీజేజేఎఫ్ వైట్ బెల్టులకి ఇలా దూకడాన్ని నిషేధించింది, సరిగ్గా ఇలాంటి మోకాళ్ల కోసమే. అంత పోటీలు చేసిన కోచ్‌కి ఆ మాట కొత్తవాళ్లతో మొదటి రోజే చెప్పాలని తోచలేదు. ఐస్ ప్యాక్ తెచ్చిచ్చి, "జియు-జిట్సులో ఇవి మామూలే" అన్నాడు. ఎమ్మారై తీస్తే మోకాలి లోపలి వైపున్న ఎంసీఎల్ లిగమెంట్ కొంత చిరిగింది. ఆపరేషన్ అక్కర్లేదు గానీ బ్రేస్, ఫిజియోథెరపీ, ఇన్సూరెన్స్ ఇచ్చేముందు మనమే కట్టాల్సిన ఆ ఏడాది డిడక్టిబుల్ మొత్తం మా జేబులోంచే. పైగా ఏడాది కాంట్రాక్టు. డాక్టర్ లెటర్ ఇచ్చినా ఒక్క నెలే ఫ్రీజ్ చేస్తామన్నారు. కుంటుకుంటూ వెళ్లి వాదించినా మిగతా నెలలకి కార్డు మీద డబ్బు కట్ అవుతూనే ఉంది. గుంటూరు నుంచి అమ్మ ఫోన్‌లో, "ఈ వయసులో నీకు కుస్తీ పట్లేమిటే, వాకింగ్ చేసుకోక" అంది. మా ఆయన ఏమీ అనలేదు. అంటేనే బాగుండేదేమో.

ప్రతి స్కూలు వెబ్‌సైట్‌లోనూ ఒక మాట ఉంటుంది, సైజుతో పనిలేదు, చిన్నవాళ్లు పెద్దవాళ్లని గెలవొచ్చు అని. 1993లో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో (రకరకాల యుద్ధవిద్యలవాళ్లు తలపడే పోటీ) హోయిస్ గ్రేసీ ఒకే రాత్రి ముగ్గురిని లొంగదీసిన సంగతి దానికి రుజువు. నిజమే, కానీ ఆ రోజు అవతలి వాళ్లలో ఎవరికీ ఈ విద్య సరిగా తెలియదు. ఇద్దరికీ తెలిసినప్పుడు బరువు మళ్లీ లెక్కలోకి వచ్చేస్తుంది. హోయిస్ తండ్రి ఎలియో గ్రేసీ 1951లో రియోలో తనకన్నా బాగా బరువైన జపాన్ జూడో వీరుడు కిమురాతో తలపడి, చెయ్యి మెలితిప్పే పట్టులో చిక్కి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఆ పట్టుకే ఇప్పుడు అందరూ కిమురా అని పేరు పెట్టి నేర్చుకుంటున్నారు. అంతెందుకు, పోటీల్లో మహిళలకి 53.5 కిలోలు దాటితే పై తరగతి. ఐదు కిలోల తేడాకే తరగతి మార్చే ఆటలో, నాకన్నా నలభై కిలోలు ఎక్కువున్న కుర్రాడిని నా మీదకి వదలడం ఏం లెక్క?

మోకాలు కుదుటపడ్డాక రెండో స్కూలుకి ట్రయల్‌కి వెళ్లాను. టైర్ల షాపు పక్కన పెద్ద షెడ్డు. ఒకటే బాత్రూమ్. ఏసీ ఉందంటే ఉంది, ఆగస్టులో షట్టర్ పైకెత్తి రెండు పెద్ద ఫ్యాన్లు పెడతారు. మొదటి ఐదు నిమిషాల్లోనే వెనక్కి వచ్చేద్దామనిపించింది. కోచ్ నా పేరు ఎలా పలకాలో అడిగే ముందే మోకాలి బ్రేస్ చూసి, ఏ వైపు వంగితే నొప్పి, ఎంతవరకు వంగుతుంది అని అడిగి, మోకాలు వంచి చూపించమన్నాడు. తర్వాత క్లాసంతా వరసగా నిలబడితే, ఒక్కొక్కరి దగ్గరా ఆగి, నువ్వు ఇతనితో, మీరు ఆవిడతో అంటూ తనే జతలు కలిపాడు. అక్కడి పద్ధతి ఇది: కొత్తవాళ్లకి కొత్తవాళ్లతో రోలింగ్ ఉండదు. బ్లూ బెల్ట్, ఆ పైవాళ్లతోనే. నిలబడి మొదలుపెట్టడం కూడా ఉండదు. ఏదో ఒక పొజిషన్‌లో పెడతారు, ఉదాహరణకి ఒకరు సైడ్ కంట్రోల్‌లో (పక్కనుంచి ఛాతీ మీద అదిమి పెడుతూ) పైన, ఒకరు కింద. కిందవాళ్లు తప్పించుకుంటే మళ్లీ మొదటికి. రెండు నిమిషాలు, మార్పు.

నాకు ఆ రోజు ఇచ్చిన జత ఒక రిటైరైన పెద్దాయన, బ్లూ పైనుండే పర్పుల్ బెల్ట్, మనిషి నాకు రెండింతలు. ఆయన నా మీదకి వాలుతుంటే గుండె దడదడలాడింది. కానీ ఆయన బరువు మొత్తం వేయలేదు, అలాగని వదిలేయనూ లేదు. నేను కంగారులో రెండు చేతులతో ఆయన ఛాతీని పైకి తోస్తుంటే కదిలేవాడు కాదు. అలసిపోయి, మోచేయి తెచ్చి ఆయన తుంటి ఎముకకి ఆనించి, నడుము పక్కకి జరిపితే, సరిగ్గా నా మోకాలు పట్టేంత సందు తెరుచుకుంది. మళ్లీ తోయడం మొదలుపెడితే సందు మూసుకుంది. ఒక్క మాట లేకుండా పాఠం మొత్తం బరువుతోనే చెప్పాడు. బజర్ మోగాక, "మోచేయి ముందు, నడుము తర్వాత" అని నీళ్లు తాగడానికి వెళ్లిపోయాడు. మొదటి స్కూల్లో అన్ని నెలల్లో తలకెక్కని సంగతి ఆ ఒక్క పొద్దున ఒంటికి తెలిసింది. ఇంటికెళ్లి ఆ రాత్రి హాల్లో కార్పెట్ మీద మా ఆయన్ని పైన పడుకోబెట్టి మరీ ప్రాక్టీస్ చేశాను. ఆయన అభిప్రాయం ఇక్కడ రాయను.

ఇంకో లాభం నేను ఊహించనిది. కొన్నాళ్లకి జతలు కలపడంలో నేనూ పనికొచ్చే మనిషినయ్యాను. యూటీ డాలస్‌లో మాస్టర్స్ చేస్తున్న వరంగల్ అమ్మాయి చేరితే కోచ్ నేరుగా నా దగ్గరికే పంపాడు. కాలర్ పట్టుకున్న ప్రతిసారీ "సారీ అక్కా" అనేది. మెడ మీద చేయి వేస్తే సారీ, పొట్ట మీద కూర్చుని మౌంట్ ఎక్కితే సారీ. "సారీలు తర్వాతమ్మా, ముందు చోక్ పడితే ట్యాప్ కొట్టు" అని, అంటే గొంతు బిగిస్తే ఒప్పుకున్నానని చేత్తో తట్టమని, మొత్తుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల సారీ లేకుండానే నా చేయి లాగేస్తోంది.

ఇంత పొగిడాక కొన్ని చెప్పాలి. పైన రాసిందంతా పొద్దున క్లాసు మాట. ఈ ఏడాది జనం పెరిగారు, సాయంత్రం క్లాసులు అసిస్టెంట్లకి అప్పగించారు. వాళ్లలో ఒకాయన బాగానే కలుపుతాడు. ఇంకో ఆయన చేతులు దులుపుకుని "జతలు కట్టండి" అనేస్తాడు. ఆ మాట వింటే ఇప్పటికీ నా ఎడమ మోకాలు బిగుసుకుంటుంది. రెండోది, ఎప్పుడూ కూర్చునో పడుకునో మొదలుపెట్టడం వల్ల నిలబడి పడగొట్టడం మాకు సరిగా రాదు. పోటీలో ఆట మొదలయ్యేదే నిలబడి, టేక్‌డౌన్‌కి రెండు పాయింట్లు. మా వాళ్లు చాలాసార్లు అక్కడే రెండు పాయింట్లు సమర్పించుకుంటారు. మూడోది నాకు ఆలస్యంగా తెలిసింది. ప్లానోలో వేరే స్కూలు ఓపెన్ మ్యాట్‌కి (బయటివాళ్లు కూడా వచ్చి ఆడే సెషన్) వెళ్తే నా బరువే ఉన్న అమ్మాయి ఊపిరి తీసుకోనివ్వకుండా మీద పడింది. అంత వేగం నేనెప్పుడూ చూడలేదు. మా దగ్గర అందరూ నా మోకాలు సంగతి తెలిసి, చూసుకుని ఆడేవాళ్లే. జాగ్రత్త ఎక్కువైతే అదీ ఒక లోటే.

తామర అంటుకోవడం లాంటివి ఏ స్కూల్లోనైనా ఉంటాయి, నాకూ ఒకసారి వచ్చింది. ఇక్కడ ఒకరికి వస్తే ఆ రోజే అందరికీ మెసేజ్ పెట్టి మ్యాట్లు రెండుసార్లు తుడుస్తారు. అది నచ్చింది.

ఫీజు నెలకి 170 డాలర్లు, కాంట్రాక్టు లేదు, మానేయాలంటే ఒక ఈమెయిల్ చాలు. నా వయసు, నా మోకాలు, ఇద్దరు పిల్లలు, సోమవారం పొద్దున్నే తొమ్మిదింటి స్టాండప్ మీటింగ్, పోటీలకి వెళ్లాలన్న కోరిక లేకపోవడం, ఇవన్నీ కలిపి చూస్తే నాకిది సరిపోయింది. ఇరవై ఐదేళ్ల కుర్రాడు, టోర్నమెంట్లు కొట్టాలనుకునేవాడు అయితే బహుశా ఆ మొదటి స్కూలే మేలు, కాంట్రాక్టు చదివి సంతకం పెట్టేటట్టయితే. ట్రయల్‌కి వెళ్లేవాళ్లు పొద్దున క్లాసు చూసి మురిసిపోకండి. మీరు రోజూ వెళ్లగలిగేది సాయంత్రమే అయితే సాయంత్రమే వెళ్లి, రోలింగ్ దాకా ఉండి, ఆ చివర మిగిలిపోయిన ఇద్దరిని ఎవరు పట్టించుకుంటారో చూడండి. ఆ రెండో అసిస్టెంట్ సంగతి కోచ్‌తో చెప్పాను. మాట్లాడతానన్నాడు. ఇంకా మాట్లాడినట్టు లేదు.