ఫ్రీక్యాడ్ స్ప్రెడ్‌షీట్‌తో నాలుగేళ్లు: సైక్లోన్ వ్యాసం ఒక్కటి మారిస్తే డ్రాయింగ్ మొత్తం మారాలి

మాది ఫ్యాబ్రికేషన్ షాపు. తాడేపల్లిగూడెం చుట్టుపక్కల రైస్ మిల్లుల పని ఎక్కువ. అందులోనూ తరచుగా వచ్చే ఆర్డరు డస్ట్ సైక్లోన్, అంటే గాలిని సుడి తిప్పి అందులోని దుమ్మును వేరుచేసే డబ్బా. దీని కొలతలన్నీ ఒకే అంకె మీద నడుస్తాయి. ల్యాపుల్ అనే ప్రామాణిక డిజైన్ నిష్పత్తుల ప్రకారం బాడీ వ్యాసం డి అనుకుంటే గాలి వచ్చే నోరు ఎత్తు డిలో సగం, వెడల్పు పావు. పై గొట్టం వ్యాసం సగం. సిలిండర్ ఎత్తు రెండు డిలు, కోన్ ఎత్తు రెండు డిలు, దుమ్ము పడే రంధ్రం పావు డి. ఇలాంటి వస్తువును ప్రతి ఆర్డరుకూ మొదటినుంచి గీయడం వృథా శ్రమ.

ముందు మేం ఎక్సెల్‌లో లెక్కలు వేసి, వచ్చిన అంకెల్ని డ్రాయింగులో చేత్తో ఎక్కించేవాళ్లం. ఒకసారి 360 వేయాల్సిన చోట నేను 340 కొట్టాను. ఫ్లాంజ్ (రెండు భాగాల్ని బోల్టులతో కలిపే అంచు) రంధ్రాలు మిల్లు దగ్గర, క్రేన్ మీద వేలాడుతుండగా కలవలేదు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తే. 2021లో 0.19 వెర్షన్‌తో ఫ్రీక్యాడ్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌కు మారడానికి కారణం అదే.

పద్ధతి తేలిక. ఫ్రీక్యాడ్‌లోనే ఉండే స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడిలో 800 మి.మీ. అని రాసి దానికి ఒక పేరు, అంటే అలియాస్, పెడతాం. గడి పసుపు రంగుకు మారుతుంది. స్కెచ్‌లో కొలత ఇచ్చేటప్పుడు నీలిరంగు ఎఫ్‌ఎక్స్ గుర్తు నొక్కి, షీట్ పేరు, చుక్క, ఆ అలియాస్ రాస్తే చాలు. షీట్‌కు కట్టిన కొలత నారింజ రంగులో కనిపిస్తుంది కాబట్టి ఏది చేత్తో కొట్టిందో, ఏది షీట్ నుంచి వచ్చిందో కంటికే తెలుస్తుంది. నాకు బాగా నచ్చిన విషయం ఇది. డ్రాయింగ్ తెరవగానే నేను ముందు వెతికేది నారింజ కాని కొలతల్నే.

పేర్ల దగ్గర మాత్రం మొదట్లో అందరూ ఆగిపోతారు. మందానికి టి అని ఒక్క అక్షరం పెడితే ఒప్పుకోదు, అది టన్ను గుర్తు. ఎత్తుకు హెచ్ అన్నా అంతే, అది గంట. బోల్టుకు ఎం10 అని పెడదామంటే ఎం నిలువు వరుసలో పదో గడి అడ్రసు కూడా అదే. కారణం తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాను. ఇప్పుడు పేర్లన్నీ రెండు మూడు మాటలు కలిపి పొడుగ్గా పెడతాను, పక్క గడిలో తెలుగులో వివరం రాస్తాను. మా కుర్రాళ్లు చదివేది ఆ వివరమే.

యూనిట్లు గడిలోనే రాయాలి. 800 మి.మీ.కు ఉత్త 3 కలపబోతే యూనిట్లు కలవడం లేదని ఎర్రర్ ఇస్తుంది. మొదట చిరాకు వేసింది. కానీ ఎక్సెల్ ఏ అంకెనైనా నోరు మూసుకుని కలిపేస్తుంది, ఇది కలపదు. నాకు ఇదే మేలు.

అసలు లాభం రేకు కటింగ్ దగ్గర. లోపలి వ్యాసం 800, రేకు మందం 3 మి.మీ. అయితే చుట్టుకొలతను 803 మీద తీయాలి. 800 మీద తీస్తే రేకు 9 మి.మీ. పైగా తక్కువ పడుతుంది, అతుకు కలవదు. మందం కూడా స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడే కాబట్టి, 3 బదులు 4 అని మారిస్తే సిలిండర్ రేకు పొడవు, కోన్ విప్పిన ఆకారం రెండూ వాటంతట అవే సర్దుకుంటాయి.

ఫ్లాంజ్ రంధ్రాలకూ సూత్రమే. రంధ్రాల మధ్య దూరం 100 మి.మీ. దాటకూడదు, సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. రంధ్రాల వృత్తం చుట్టుకొలతను 400 మి.మీ.తో భాగించి, సీల్ ఫంక్షన్‌తో పైకి పూర్ణాంకం చేసి, నాలుగుతో గుణిస్తాను. వృత్తం వ్యాసం 460 అయితే 16 రంధ్రాలు, 560 అయితే 20. ఆ అంకెను, ఒక రంధ్రాన్ని వృత్తం చుట్టూ పంచే పోలార్ ప్యాటర్న్‌లోని సంఖ్యకు కట్టేశాను. ఎవరూ లెక్కపెట్టనక్కర్లేదు.

ఇనుము కిలోల లెక్కన కొంటాం గనుక బరువు కూడా అదే షీట్‌లో రావాలని ఆశపడ్డాను. అక్కడ దెబ్బతిన్నాను. ఫ్రీక్యాడ్ షీట్ మొత్తాన్నీ ఒకే వస్తువుగా చూస్తుంది. మోడల్ షీట్ మీద ఆధారపడి, షీట్‌లో ఏదో ఒక మూల గడి మోడల్ ఘనపరిమాణం అడిగితే, అది వలయం అయిందని ఆపేస్తుంది. దీన్ని దాటడానికి, ఆ ఆధారాన్ని ఫ్రీక్యాడ్‌కు కనపడకుండా దాచే హిడెన్‌రెఫ్ అనే దారి ఉంది కానీ, లెక్క తాజాదో పాతదో అన్న అనుమానం మిగులుతుంది. డబ్బు లెక్కలో అది పనికిరాదు. అందుకే కొలతలకు ఒక షీట్, ఫలితాలకు వేరే షీట్. రెండో దానిలోకి వచ్చే ఘనపరిమాణం యూనిట్ లేని ఘన మిల్లీమీటర్లు. దాన్ని 0.00000785తో గుణిస్తే స్టీలు బరువు కిలోల్లో వస్తుంది.

నిదానం సంగతి కూడా చెప్పాలి. కొలతల షీట్‌లో ఏ గడి మార్చినా, ఆ షీట్‌ను వాడుకునే భాగాలన్నీ మళ్లీ కట్టుకుంటాయి. బోల్టు సైజు మార్చినా కోన్ మళ్లీ తయారవుతుంది. అందుకని ఫ్లాంజ్ కొలతల్ని మూడో షీట్‌లోకి తీసేశాను, వేగం తేడా బాగా కనిపించింది. 2024 నవంబరులో వచ్చిన 1.0లో వేర్‌సెట్ అని, స్ప్రెడ్‌షీట్ లేకుండానే కొలతలకు పేర్లు పెట్టి దాచుకునే కొత్తది పెట్టారు. నాలుగైదు కొలతలే ఉన్న చిన్న పనికి అదే నయం. నా వరకు ఆ వెర్షన్‌లో అంతకన్నా పెద్ద మేలు, కొలత మారితే ముఖాల పేర్లు తారుమారై రంధ్రాలు ఇంకెక్కడికో పోయే బాధ చాలా తగ్గడం.

ఎక్సెల్ ఫైలుకు నేరుగా కట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నేను ఎక్సెల్ లెక్కల్ని సీఎస్‌వీ, అంటే కామాలతో విడదీసిన సాదా ఫైలుగా తెచ్చి చూశాను. అంకెలు వచ్చాయి, అలియాస్‌లు రాలేదు, అన్నీ మళ్లీ పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ పని ఒక్కసారి చేసి, ఎక్సెల్‌ను అక్కడితో వదిలేశాను.

ఒక్కసారి చేసి మరిచిపోయే బ్రాకెట్టుకు ఇదంతా అక్కర్లేదు, నేరుగా గీసేయండి. మా సైక్లోన్ ఫైలు కట్టడానికి పది రోజుల సాయంత్రాలు పట్టాయి. ఇప్పుడు మిల్లు యజమాని ఫోన్‌లో వ్యాసం చెబితే, బరువు చూసి రేటు చెప్పేది ఆ ఫోన్ పెట్టేయకముందే.