ఎండిన మనసుతో మెదక్ మహాదేవాలయంలో ఒక పూట

దాదాపు ఏడాదిగా బైబిలు తెరిస్తే అక్షరాలు కనిపించేవి గాని మాట వినిపించేది కాదు. ఆదివారం ఆరాధనకు వెళ్లడం, కానుక వేయడం, కుటుంబ ప్రార్థనలో అలవాటైన మాటలు అప్పజెప్పడం ఏదీ మానలేదు. అయినా లోపల చెరువు ఎండి నెర్రెలిచ్చినట్టే ఉండేది. ఇటువంటి స్థితిలో ఉన్న విశ్వాసులకు పనికి వస్తుందన్న ఉద్దేశంతోనే, ఫిబ్రవరిలో ఒక బుధవారం మెదక్ మహాదేవాలయంలో, అంటే అక్కడి పెద్ద చర్చిలో, గడిపిన పూట గురించి ఈ సమీక్ష రాస్తున్నాను.

అంతకు ముందు వేరే చోట మూడు రోజుల ఆత్మీయ కూటానికి వెళ్లాను. వేకువ నుంచి రాత్రి వరకు లౌడుస్పీకర్ల హోరు, ప్రసంగం వెనుక ప్రసంగం, కన్నీళ్లు రానివారి విశ్వాసంలోనే లోపమున్నదన్నట్టు గద్దింపులు. వెళ్లినప్పటి కంటే ఎక్కువ అలసటతో తిరిగి వచ్చాను.

మెదక్ వెళ్లడానికి హైదరాబాదు నుంచి నర్సాపూర్ అడవి మీదుగా సుమారు 100 కిలోమీటర్ల దారి. 175 అడుగుల గంట గోపురం దూరం నుంచే పలకరిస్తుంది. సుమారు 5000 మంది పట్టే ఆ ఆలయంలో, 200 అడుగుల పొడవూ 100 అడుగుల వెడల్పూ ఉన్న ఆ విశాలమైన చోట, ఆ ఉదయం మేము పదిమందిమి కూడా లేము. బలిపీఠం వెనుక రంగుటద్దాల కిటికీలో క్రీస్తు ఆరోహణం, మిగిలిన రెండు కిటికీల్లో ఆయన జననం, సిలువ మరణం ఉన్నాయి. ఆ బొమ్మలకు పగటి వెలుగే ప్రాణం కనుక ఉదయమే చేరుకోవడం మంచిది. పొద్దు గుంకితే అవి కనిపించవు.

అయితే నన్ను ఎక్కువ సేపు కూర్చోబెట్టింది ఆ అందం కాదు, ఆ కట్టడం పుట్టుక. మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరవు కాలంలో, ఆకలితో అలమటిస్తున్న ప్రజలకు పని చూపించి అన్నం పెట్టడానికి దీని నిర్మాణాన్ని ఆసరా చేసుకున్నారు. 1914లో మొదలైన పని పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ఆలయం ప్రతిష్ఠితమైంది. నేను ఆనుకుని కూర్చున్న స్తంభాన్ని నిలబెట్టిన చేతుల్లో వానలు లేక పొలం వదిలి వచ్చిన రైతు చేతులు ఎన్ని ఉన్నాయో అనుకున్నాను. వారిని ముందుగా ఎవరూ గద్దించలేదు, ముందు అన్నం పెట్టారు. బైబిలులో బదరీ వృక్షం కింద చావు కోరుకుని పడుకున్న ఏలీయా ప్రవక్తకు కూడా దేవదూత మొదట అందించినది రొట్టె, నీళ్లు. హోరేబు కొండ మీద "ఇక్కడ ఏమి చేస్తున్నావు" అన్న దేవుని ప్రశ్న ఆ తరువాతి సంగతి. ఏడాదిగా నన్ను నేను నిందించుకోవడమే ప్రార్థన అనుకున్నానని అక్కడే తెలిసింది.

మధ్యాహ్నం ఆవరణలో చెట్టు కింద ఇంటి నుంచి తెచ్చుకున్న పెరుగన్నం తిని, మళ్లీ లోపలికి వెళ్లి 63వ కీర్తన ఒక్కటే నాలుగైదు సార్లు మెల్లగా చదివాను. యూదా అరణ్యంలో ఉన్న దావీదు తన దాహాన్ని దాచుకోకుండా దేవునికే చెప్పుకున్నాడు. ఆ దాహమే ప్రార్థన కావచ్చునని నాకు అంతవరకు తోచనేలేదు.

ఏకాంతం కోరేవారు క్రిస్మస్, గుడ్ ఫ్రైడే రోజులు తప్పించి మామూలు రోజుల్లో వెళ్లాలి. పండుగ రోజుల జనసందోహంలో మరొక రకమైన ఆనందం ఉంటుంది గాని ఈ నిశ్శబ్దం దొరకదు. బైబిలు, నీళ్లు, కొంచెం తిండి వెంట ఉంచుకుని, ఫోను కట్టేసి, కనీసం మూడు గంటలు కేటాయించాలి. ఫొటోలు దిగి గంటలో తిరిగి వచ్చేవారికి ఇది మంచి కట్టడంగా మాత్రమే మిగిలిపోతుంది.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో నా వంతు వచ్చినప్పుడు అలవాటైన మాటలు పక్కన పెట్టి, "ప్రభువా, దాహంగా ఉంది" అని మొదలుపెట్టాను.