జొటెరో రివ్యూ: ఎట్ ఆల్ లెక్క దానికి వదిలేయండి, పేర్లు మాత్రం మీరే చూసుకోండి

వరి మీదో రొయ్యల మీదో థీసిస్ రాస్తుంటే ఒక్క రచయితే ఉన్న పేపరు దొరకడం అరుదు. ఏడుగురు, పదిమంది మామూలే. వాళ్లందరినీ చేత్తో టైపు చేస్తూ కూర్చోకండి. కాకినాడ, రాజమండ్రి, భీమవరాల్లోని రీసెర్చ్ స్కాలర్లకు మేం గట్టిగా చెప్పేది జొటెరో వాడమనే. రిఫరెన్సులను దాచిపెట్టి, వర్డ్ ఫైల్లో కావాల్సిన పద్ధతిలో పేర్చిపెట్టే సాఫ్ట్‌వేర్ ఇది. ఉచితం, 2006 నుంచి ఉంది. డేటా మన కంప్యూటర్లోనే ఉంటుంది కాబట్టి నెట్ పోయినా పని ఆగదు.

ఎట్ ఆల్ (et al., అంటే 'మరికొందరు') నియమాలను ఇది చక్కగా పాటిస్తుంది. రిఫరెన్సులు రాసే పద్ధతుల్లో ఒకటైన ఏపీఏ స్టైల్ 7వ ఎడిషన్‌లో రచయితలు ముగ్గురు, ఆపైన ఉంటే వాక్యంలో మొదటిసారి నుంచే మొదటి పేరు, ఎట్ ఆల్. చివరి జాబితాలో 20 మంది దాకా అందరూ రావాలి. 21, ఆపైన అయితే మొదటి 19 పేర్లు, మూడు చుక్కలు, ఆఖరి పేరు. 6వ ఎడిషన్‌లో ముగ్గురి నుంచి ఐదుగురి దాకా మొదటిసారి అందరినీ రాయాలి. గైడ్ దగ్గర పాత నియమాల కాగితం ఉండి, మీ ఫైల్లో కొత్త స్టైల్ ఉంటే పేచీ తప్పదు. ముందే అడిగి, వర్డ్‌లోని జొటెరో ట్యాబ్‌లో డాక్యుమెంట్ ప్రిఫరెన్సెస్‌కు వెళ్లి స్టైల్ మార్చుకోండి, మొత్తం ఫైలు తనే సర్దుకుంటుంది.

చిక్కంతా మన పేర్లతోనే. డీఓఐ (పేపరుకుండే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఇస్తే వివరాలు వచ్చేస్తాయి, కానీ పబ్లిషర్ ఎలా ఎక్కించాడో అలాగే వస్తాయి. ఇంటిపేరు పొడి అక్షరం లాస్ట్ నేమ్ గడిలో పడిందంటే వాక్యంలో (పి. ఎట్ ఆల్., 2018) అని వస్తుంది. ఆ పేరు మీద రైట్ క్లిక్ చేసి స్వాప్ ఫస్ట్/లాస్ట్ నేమ్స్ నొక్కితే సరి. అయితే ఆ రచయిత తన ఇతర పేపర్లలో ఏ పేరుతో కనిపిస్తున్నారో చూశాకే మార్చండి.

ఇంకోటి. ఒకే మనిషి ఒకచోట కె. రాజు, ఇంకోచోట కె. ఎస్. రాజు అని ఉంటే జొటెరో ఇద్దరనుకుని, వాక్యంలో పేరు ముందు పొడి అక్షరాలు తగిలిస్తుంది. ఆ ఎంట్రీలన్నిటిలో పేరు ఒకేలా చేసి, వర్డ్‌లో రిఫ్రెష్ కొట్టండి. నిజంగానే ఇద్దరు రాజులైతే ముట్టుకోకండి, ఏపీఏ కోరేదే అది. మొదటి రచయితా, సంవత్సరమూ ఒకటే అయిన రెండు పేపర్లలో ఎట్ ఆల్ ముందు రెండో పేరు చేరినా తప్పు కాదు, దేనికది తెలియాలిగా.

రచయిత స్థానంలో సంస్థ ఉంటే పేరు పక్కనున్న బటన్ నొక్కి రెండు గడుల్ని ఒకటి చేయాలి. వరి జన్యుక్రమం మీద 2005లో నేచర్‌లో వచ్చిన పేపరు ఇంటర్నేషనల్ రైస్ జీనోమ్ సీక్వెన్సింగ్ ప్రాజెక్ట్ పేరుతో ఉంది. రెండు గడుల్లో విడిపోతే జాబితాలో "ప్రాజెక్ట్, ఐ. ఆర్. జి. ఎస్." అయి కూర్చుంటుంది.

ఆన్‌లైన్‌లో ఉచిత స్థలం 300 ఎంబీయే, పీడీఎఫ్‌లతో ఇట్టే నిండిపోతుంది. ఫైళ్ల సింక్ ఆపేస్తే రిఫరెన్సుల వివరాలు మాత్రం పైసా లేకుండా సింక్ అవుతూనే ఉంటాయి. థీసిస్ ఇచ్చేముందు ఫైలుకూ జొటెరోకూ లంకె తెంచే అన్‌లింక్ సైటేషన్స్ నొక్కాల్సి వస్తే ఫైలుకు కాపీ తీసి, ఆ కాపీలోనే నొక్కండి. అన్‌లింక్ అయిన ఫైల్లో ఇక రిఫ్రెష్ పనిచేయదు.