చవక 357 లీవర్ రైఫిల్ కొనబోతున్నారా? 4473 మీద సంతకానికి ముందే ఇది చదవండి

డాలస్, ఫ్రిస్కో వైపు మన తెలుగువాళ్లలో ఈమధ్య లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ కింది లీవర్‌ని తోసి లాగితే తూటా ఎక్కేది) మోజు బాగా పెరిగింది. గ్రీన్‌కార్డు చేతికొచ్చాక మొదటి తుపాకీ ఏది కొనాలన్న మాట రాగానే ఎవరో ఒకరు "357 లీవర్ తీసుకో బావా, చవక, భుజం మీద దెబ్బ ఉండదు, రివాల్వర్ తూటాలే సరిపోతాయి" అంటారు. 357 అంటే అది కాల్చే తూటా రకం. ఆ మాటలో అబద్ధమేం లేదు. కొనొద్దని నేనూ అనను. కాకపోతే తుపాకీ కొనేటప్పుడు నింపే ఫెడరల్ ఫారం 4473 మీద సంతకం పెట్టకముందు చూసుకోవాల్సినవి పెట్టాక చూసుకుని లాభం లేదు. ఆ సంగతి చెప్పడానికే ఈ పోస్టు.

దుకాణం పేరు, తయారీ కంపెనీ పేరు రాయను. వాళ్లతో నా పేచీ ఇంకా తెగలేదు. ఈ ధరలో ఎవరిది కొన్నా చూసుకోవాల్సినవి ఇవే కాబట్టి పేరు తెలియకపోయినా మీకు నష్టం లేదు.

మోజు ఎందుకో రెండు ముక్కల్లో చెప్తాను. పిస్టల్ తూటా కాల్చే రైఫిల్ కొత్త ఆలోచన కాదు. వించెస్టర్ 1873 మోడల్ 44-40 తూటాతో వచ్చింది. ఆ తర్వాత కోల్ట్ కంపెనీ తన రివాల్వర్‌ని కూడా అదే తూటాకి చేసింది. నడుముకి ఒకే బెల్టు, రెండు తుపాకులకూ ఒకే తూటా. ఆ తర్వాత జాన్ బ్రౌనింగ్ 1892 మోడల్‌ని గీశాడు. చిన్నది, తేలికది, మూత (గొట్టం వెనక భాగాన్ని మూసే బోల్టు) దగ్గర మహా గట్టిది. దాని నకళ్లు ఇప్పటికీ కొత్తగా తయారవుతూనే ఉన్నాయి. 357 మాగ్నమ్ తూటా 1935లో వచ్చింది. నాలుగంగుళాల రివాల్వర్‌లోంచి సెకనుకి 1200 అడుగుల పైచిలుకు వేగంతో పోయే గుండు రైఫిల్ పొడవు గొట్టంలో 1700 దాటుతుంది. అంతకంటే పొట్టిదీ చవకదీ అయిన 38 స్పెషల్ కూడా ఇందులో పడుతుంది కాబట్టి పిల్లలకి నేర్పడానికీ, రేంజ్‌లో (గురి సాధన చేసే చోటు) డబ్బాలకొద్దీ తూటాలు కాల్చడానికీ హాయి. టెక్సాస్ అడవి పందులకి దగ్గర దూరంలో 357 చాలు. ఇంతవరకూ మీ బావ చెప్పింది నిజమే.

పేరున్న రకాలు వెయ్యి డాలర్లు దాటిపోతాయి, ఇటలీలోనో జపాన్‌లోనో చేసిన 1873 నకళ్లయితే ఇంకా పైన. నాది ఏడు వందల చిల్లరకి వచ్చింది, పన్ను అదనం. ఆన్‌లైన్‌లో ఆర్డరిస్తే మా ఇంటి దగ్గరి దుకాణానికి వచ్చింది. కౌంటర్ మీద పెట్టె తెరిచాడు, లీవర్ ఒకసారి ఆడించి చూపించాడు, 4473 ఫారం నింపించాడు, ఎఫ్‌బీఐ చెక్ నిమిషాల్లో 'ప్రొసీడ్' అని వచ్చింది. వెనక క్యూ ఉంది. పదండి పదండి అన్నట్టే ఉంది యవ్వారం.

రేంజ్‌లో మొదట తెలిసింది బొటనవేలికి. తూటాలు నింపే పక్క గేటు అంచు బ్లేడులా ఉంది. స్ప్రింగ్ బిర్రుగా ఉండి తూటా తొయ్యడానికి వేలు గట్టిగా నొక్కాలి, నొక్కిన ప్రతిసారీ చర్మం గీరుకుపోతుంది. ఇది చిన్న విషయం, సన్న గరుకు కాగితంతో పోతుంది.

రెండోది గురి. యాభై గజాల్లో గుండ్లన్నీ అరచేతి వెడల్పు ఎడమకి పడుతున్నాయి. వెనక సైట్‌ని (గురి చూసే ముక్క) కుడికి జరుపుతూ జరుపుతూ చివరికి తెచ్చినా ఇంకా ఎడమకే. వెనక నుంచి ఓపిగ్గా చూస్తే ముందు సైట్ కుడికి వాలి ఉంది. సైట్ కుడికి వాలితే దాన్ని గురిలోకి తేవడానికి మనం గొట్టాన్ని ఎడమకి తిప్పుతాం, గుండు అటే పోతుంది. ఫ్యాక్టరీలో బిగించినవాడు ఒక్కసారి కన్ను పెట్టి చూసి ఉంటే దొరికిపోయే లోపం.

మూడోది ఇరుక్కోవడం. లీవర్ తోసినప్పుడు తూటాలుండే ట్యూబ్‌లోంచి ఒక్కటి మాత్రమే క్యారియర్ (తూటాని పైకెత్తి గొట్టానికి అందించే ముక్క) మీదికి రావాలి. నా దాంట్లో అప్పుడప్పుడూ రెండోది కూడా జారి క్యారియర్ కింద దూరుతోంది. అప్పుడు లీవర్ ముందుకీ పోదు, వెనక్కీ రాదు. 38 స్పెషల్‌తో ఇది మరీ ఎక్కువ, పొట్టి తూటా కాబట్టి. నిండు తూటాలు లోపల ఇరుక్కుని ఉన్న రైఫిల్‌ని పట్టుకుని రేంజ్ ఆఫీసర్ని పిలవాల్సి వచ్చింది. గొట్టం లక్ష్యం వైపే ఉంచి ఆయన స్క్రూడ్రైవర్‌తో మెల్లగా బయటికి తీశాడు.

అసలు నాకు గుబులు పుట్టించింది నాలుగోది. కాల్చిన 38 ఖాళీ తొడుగులు ఏరి బల్ల మీద నిలబెడితే ఊగుతున్నాయి. తిప్పి చూస్తే ప్రైమర్ (దెబ్బ తగిలి మందుని అంటించే చిన్న బిళ్ల) అడుగు నుంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది, గోటికి తగిలేంత. మూతకీ తూటా అంచుకీ మధ్య ఉండాల్సిన దానికంటే సందు ఎక్కువైతే తక్కువ ఒత్తిడి తూటాల్లో ఇలా కనిపిస్తుంది. హెడ్‌స్పేస్ అంటారు దీన్ని. పక్క బల్ల దగ్గరున్న ఒక పెద్దాయన చూసి, దీన్ని గేజ్ పెట్టి కొలిచేదాకా ఇంకొక్కటి కూడా కాల్చకు బాబూ అన్నాడు. మీకు ఇలా కనిపిస్తే మీరూ అక్కడే ఆపెయ్యండి. మొహానికి ఆరంగుళాల దూరంలో పేలే వస్తువు అది.

దుకాణానికి ఫోన్ చేస్తే మొదటి మాట: "నువ్వు లీవర్ పూర్తిగా తొయ్యట్లేదు." అంటే లోపం నా చేతిది. ఈ మాట మీకూ వస్తుంది, రాసి పెట్టుకోండి. లీవర్ సగం తోస్తే ఇరుక్కునే మాట నిజమే కాబట్టి వాదించడం కష్టం. అందుకే లీవర్ ఆఖరిదాకా తోస్తున్నట్టు, అయినా ఇరుక్కున్నట్టు ఒకే షాట్‌లో వీడియో తీసుకోండి. ప్రైమర్ల సంగతి చెబితే రసీదు వెనక చిన్న అక్షరాలు చూపించాడు. తుపాకుల అమ్మకం ఫైనల్, వాపసు లేదు. ఇది వాడొక్కడి మొండితనం కాదు, చాలా దుకాణాల్లో ఇదే రూలు. ఒకసారి 4473 మీద మన పేరుకి మారాక ఆ రైఫిల్ వాళ్ల పుస్తకంలోకి తిరిగొస్తే సెకండ్ హ్యాండే, పెట్టె విప్పింది నిన్ననే అయినా సరే.

ఇక తయారీ కంపెనీ. దసరాకి ముందు పంపిన రైఫిల్ సంక్రాంతి దాటాక ఇంటికొచ్చింది. (కంపెనీకి రిపేరుకి పంపిన తుపాకీని వాళ్లు నేరుగా మన ఇంటికే పంపొచ్చు, మళ్లీ దుకాణమూ ఫారమూ అక్కర్లేదు. కానీ పంపేటప్పుడు మాత్రం లేబుల్ వాళ్లనే పంపమనండి. పెద్ద కొరియర్ కంపెనీలు లైసెన్సు లేని మనుషుల దగ్గర తుపాకీ పార్శిల్ తీసుకోవడం మానేశాయి.) సైట్ సరిచేశారు. మూత దగ్గర ఏదో ముక్క మార్చారు, ప్రైమర్లు ఇప్పుడు పొడుచుకురావట్లేదు. ఇరుక్కోవడం సంగతి మాత్రం "పరీక్షించాం, ప్రమాణాలకు లోబడే ఉంది" అని ఒక చీటీ. ఇంటికొచ్చాక మొదటి డబ్బా పూర్తవకముందే మళ్లీ ఇరుక్కుంది. చివరికి ఒక గన్‌స్మిత్ దగ్గర పడేశాను. ఆయన కూలీ కలిపితే వెయ్యి డాలర్ల రైఫిల్ ధర దగ్గరికి వచ్చేశాం. వెయ్యిది కొన్నవాళ్లు మాత్రం ఈపాటికి హాయిగా కాల్చుకుంటున్నారు.

గవర్నమెంటుకి ఫిర్యాదు చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట. పిల్లల బొమ్మ ఊడిపోతే, టోస్టర్ కాలిపోతే ఈ దేశంలో వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ఉంది, కంపెనీ చేత వెనక్కి తీయించగలదు. 1972లో ఆ కమిషన్‌ని పెట్టిన చట్టమే తుపాకుల్ని దాని పరిధిలోంచి తీసేసింది. ఏటీఎఫ్ అనే ఫెడరల్ సంస్థ చూసేది లైసెన్సులూ రికార్డులూ, అంతేగానీ మీ క్యారియర్ సరిగ్గా పనిచేస్తుందా లేదా కాదు. తుపాకీల రీకాల్స్ వస్తాయి, కానీ కంపెనీ తనంతట తాను ప్రకటిస్తేనే. కారు కొన్నప్పటి ధీమా ఇక్కడ పనికిరాదు.

మరి చెయ్యాల్సిందేంటి? ఆన్‌లైన్‌లో కొన్నా సరే, రైఫిల్ వచ్చిన దుకాణంలో 4473 నింపకముందే చేతిలోకి తీసుకుని చూసే హక్కు మీకుంది. నచ్చకపోతే ట్రాన్స్‌ఫర్ వద్దనొచ్చు, అది అమ్మినవాడి దగ్గరికే తిరిగి పోతుంది. పోతే పోయేది రవాణా ఖర్చు, కొంత కోత. వెళ్లేటప్పుడు 38వీ 357వీ డమ్మీ (మందు లేని) తూటాలు రెండు రకాలూ పట్టుకెళ్లండి. కౌంటర్ వాణ్ని ముందు అడిగి, అవి డమ్మీలని చూపించి, ట్యూబ్ నిండా పెట్టి లీవర్ ఆడించండి. ఒకసారి మెల్లగా, ఒకసారి వడిగా. షోకేసులో ఖాళీ రైఫిల్ లీవర్ ఎంత మెత్తగా ఆడినా దానికి అర్థం లేదు, తూటా ఎక్కుతుందా దిగుతుందా అన్నదే లెక్క. డమ్మీలు వద్దన్న దుకాణంలో నేనైతే ఇక కొనను. రెండు సైట్లూ నిలువుగా ఉన్నాయో లేదో చేయి చాచి వెనక నుంచి చూడండి. వెనక స్టాక్ కర్ర రిసీవర్‌ని (మధ్యలోని ఇనప భాగం) కలిసే చోట వెంట్రుకవాసి పగులున్నా వదిలెయ్యండి, కాల్చేకొద్దీ అది పెరుగుతుందే గానీ తగ్గదు. స్క్రూల తలల మీది గాడులు నలిగి ఉంటే ఎవరో ముందే విప్పారన్నమాట. గొట్టంలోకి లైటు వేసి చూడండి. హెడ్‌స్పేస్ మాత్రం కౌంటర్ దగ్గర కంటికి ఆనదు, మొదటి డబ్బా కాల్చాక తొడుగులు పారెయ్యకుండా బల్ల మీద నిలబెట్టి చూసుకోవాలి.

తూటాల దగ్గర ఒక్కటి. ట్యూబ్‌లో తూటాలు ఒకదాని వెనక ఒకటి పడుకుంటాయి, వెనకదాని మూతి ముందుదాని ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది. కాబట్టి మూతి చదునుగా ఉన్నవే కొనండి, మొనదేలినవి వద్దు.

మార్లిన్ 1894 (పేరున్న లీవర్ రైఫిల్) సగం ధరకే అంటూ కనిపించే వెబ్‌సైట్ల జోలికి అసలు పోకండి. మార్లిన్ కంపెనీ 2020లో రూగర్ చేతికి వెళ్లింది, 1894 మళ్లీ 2023లో బయటికొచ్చింది, ఇంకా గిరాకీ మీదే ఉంది. సగానికి ఎవడూ ఇవ్వడు. జెల్ (Zelle) యాప్‌లోనో బిట్‌కాయిన్‌లోనో పంపమన్నాడంటే దొంగే. అమ్మేవాడి లైసెన్సు నంబరు అడిగి ఏటీఎఫ్ వాళ్ల ఈజీ చెక్ పేజీలో కొట్టి చూసుకోండి.

ఇక మనవాళ్లకి ప్రత్యేకంగా. రైఫిల్ చెడితే డబ్బు పోతుంది, ఇక్కడ తేడా వస్తే ఈ దేశంలో బతుకే పోతుంది. హెచ్-1బి, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు తుపాకీగానీ తూటాగానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజ్‌లో అద్దె తుపాకీ పట్టుకున్నా అంతే. ఉన్న కొద్ది మినహాయింపుల్లో మనవాళ్లకి పనికొచ్చేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్. ఇక్కడో మెలిక ఉంది. టెక్సాస్‌లో 2019 నుంచి సొంతదారు అనుమతితో ప్రైవేటు భూమిలో అడవి పందుల్ని కాల్చడానికి లైసెన్సే అక్కర్లేదు. "లైసెన్సు అక్కర్లేదంట కదా" అని వీసా మీదున్న తమ్ముడు రైఫిల్ పట్టుకుంటే రాష్ట్రం ఊరుకున్నా ఫెడరల్ చట్టం ఊరుకోదు, ఆ మినహాయింపుకి కాగితం చేతిలో ఉండాల్సిందే.

"అన్నా, నీకు గ్రీన్‌కార్డు ఉందిగా, నీ పేరు మీద తీసుకో, డబ్బులు నేనిస్తా" అని అడిగేవాళ్లున్నారు. నన్నూ అడిగారు. 4473లో అసలు కొనేది నువ్వేనా అన్న ప్రశ్న ఉంటుంది. అబద్ధం రాస్తే అదే నేరం, పైగా తుపాకీ ఉంచుకోకూడని మనిషి కోసం కొంటే 2022 చట్టం ప్రకారం పదిహేనేళ్ల దాకా జైలు. తుపాకీ నేరం మీద గ్రీన్‌కార్డు వాళ్లని కూడా దేశం నుంచి పంపించేస్తారు. మొహమాటానికి పోకుండా కుదరదని మొహం మీదే చెప్పండి.

ఇంట్లో ఎవరైనా హెచ్-4 మీద ఉన్నా, అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వచ్చినా సేఫ్ తాళం, కోడ్ మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోండి. పిల్లలున్న ఇంట్లో ఎలాగూ తప్పదు, పదిహేడేళ్లలోపు పిల్లలకి గుండ్లు నింపిన తుపాకీ అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో అదీ నేరమే.

గన్‌స్మిత్ క్యారియర్ పని పూర్తిచేశాక మళ్లీ రేంజ్‌కి తీసుకెళ్తాను, ఇరుక్కుందో లేదో ఇక్కడే కింద రాస్తాను. ఈలోపు ప్లేనో, ఫ్రిస్కో వైపు ఎవరైనా కొనబోతుంటే నా దగ్గర 38, 357 డమ్మీ తూటాలు రెండు రకాలూ ఉన్నాయి, అడిగి పట్టుకెళ్లండి. పని అయ్యాక తిరిగిచ్చేస్తే చాలు.